బొట్టు పెట్టి పంపిన పదమూడుగురు

మన దేశపు రగ్బీ లీగ్ జట్టు ఐర్లండ్ వస్తోందన్న కబురు నాకు మొదట మోసుకొచ్చినవారు గ్రాండ్ గారు. స్వోర్డ్స్ అనే ఊళ్ళో, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద, ఒక చిన్న గెస్ట్‌హౌస్ నడిపే ఐరిష్ పెద్దాయన. ఏం జరిగినా ‘గ్రాండ్’ (అంటే ఇక్కడ ‘పర్వాలేదు, బాగానే ఉంది’ అని) అనడం అలవాటు కనుక మా పిన్ని ఆయనకా పేరు ఖాయం చేసింది. పైకప్పు కారినా గ్రాండే, బాయిలరు ఆగిపోయినా గ్రాండే, నేను పనిలో చేరిన మొదటి వారంలోనే వాళ్ళమ్మగారి కాలం నాటి టీ కుండ మూత పగలగొట్టినా గ్రాండే. ఆ రోజుల్లో అలాంటి మనిషి దగ్గర తొలి ఉద్యోగం దొరకడం దేవుడి దయ కాక మరేమిటని ఇప్పటికీ అనుకుంటాను. అసలు ఆ రోజుల్లో నేను దేనికి పడితే దానికి దేవుడికి కృతజ్ఞతలు చెప్పేదాన్ని. బస్సు వేళకు వస్తే ఒక దండం, రాకపోతే నిలబడే ఓపిక ఇచ్చినందుకు ఇంకో దండం. ఇప్పుడూ చెబుతాను గానీ, అప్పట్లో పెదాలు కదిపి చెప్పేదాన్ని. బస్‌స్టాప్‌లో నా పక్కన ఎవరూ నిలబడకపోవడానికి కారణం అదేనని చాలాకాలం తర్వాత తెలిసింది.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని అమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. పప్పు ఉడికేలోగా ఎక్కాలు, పోపు వేగేలోగా వ్యాకరణం, సాయంత్రం దీపం పెట్టాక ఇంగ్లీషు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. (కష్టమైన ఎక్కాలన్నీ పోపు వేళకే పడేవి కాబట్టి ఇవాళ్టికీ వాటిని అప్పచెబుతుంటే ఇంగువ వాసన వస్తుంది.) అన్నీ వచ్చాయి గానీ బడిపిల్లలకు ఊరికే దొరికేది ఒకటి నాకు దక్కలేదు. అదే ఆటల పీరియడ్. బంతి నా చేతికి వచ్చిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు. నాకు ఆటంటే అష్టాచెమ్మా, ఆటగాడికి తగలగల దెబ్బంటే గవ్వ వేలి సందులో ఇరుక్కోవడం. అటువంటిదాన్ని ఒక ఏడాది కోర్సుకని ఇక్కడికి వచ్చి, పిన్ని, బాబాయిల ఇంట్లో ఉంటూ, చదువు ముగిశాక గ్రాండ్ గారి వంటింట్లో ఉదయం పనికి కుదిరాను. ఇంట్లో గుడ్డు కూడా ముట్టని మనుషులం. ఆ వంటింట్లో సాసేజీలు వేయించాల్సి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని మనసులో నామం చెప్పుకునేదాన్ని. అవి మాడేవి. ‘గ్రాండ్’ అనేవారు ఆయన.

“పెట్,” అన్నారు ఒక ఉదయం (ఇక్కడి పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను ముద్దుగా పిలిచే పిలుపది), “వచ్చే వారం మీ దేశం టీమ్ మన దగ్గర దిగుతోంది. రగ్బీ లీగ్. బయటి దేశం టూరుకు రావడం వాళ్ళకిదే మొదటిసారట.”

“చాలా సంతోషమండీ. ఏం తింటారు వాళ్ళు?”

“తలుపులు తప్ప అన్నీ తింటారని కోచ్ రాశాడు.”

సాయంత్రం ఇంటికెళ్ళి పిన్నికి చెప్పాను. పిన్నిది గోదావరి జిల్లా. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా ముందు పదిమందికి చెప్పి ఆ తర్వాత అనుభవిస్తుంది. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ‘ఇండియా టీమ్ మన స్వోర్డ్స్ వస్తోంది’ అని పెట్టేసింది. పావుగంటలో ఎవరెవరు ఏ వంట తేవాలో తేలిపోయింది. అసలది ఏ ఆట అని అడిగినవారు లేరు. మర్నాడు ఒక ఆంటీ మాత్రం ఫోన్ చేసి, “పెవిలియన్ పక్కన సీట్లు దొరుకుతాయా, మావారికి మెడనొప్పి, ఎండలో కూర్చోలేరు” అంది. ఐర్లండ్‌లో ఎండ గురించి బెంగపడిన మనిషిని నేను చూసింది ఆవిడనే.

వాళ్ళు దిగారు. పదహారుమంది ఆటగాళ్ళు, ఒక కోచ్, రెండు బంతులు. అందరూ కొండల్లా ఉంటారనుకుని నేను చపాతీ పిండి బకెట్లో కలిపి ఉంచాను. సగంమంది కొండల్లాగే ఉన్నారు. ఒక కుర్రాడు మాత్రం ఎంత సన్నగా ఉన్నాడంటే గ్రాండ్ గారు తలుపు తీయగానే గాలికి రెండడుగులు వెనక్కి వెళ్ళాడు. అతనికి గాలిపటం అని పేరు పెట్టింది, ఇంకెవరు, పిన్నే. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆ పదహారుమందిలో తెలుగువాడు ఒక్కడే. ఆయనే కెప్టెన్. విశాఖపట్నం పోర్టులో పని, ముప్ఫై ఆరేళ్ళ వయసు, రెండు మోకాళ్ళకూ పట్టీలు. నా మాట వినగానే సామాను అక్కడే వదిలేసి, “మన బాసే. సెల్లెమ్మా, సారు దొరుకుద్దా?” అని చారు గురించి అడిగాడు. ఆ రోజునుంచి నేను ఆయనకు చెల్లెల్ని, ఆయన నాకు కెప్టెన్ అన్నయ్య.

ఉదయాన్నే నేను పనికి వచ్చేసరికి ఆయన వంటింట్లో కూర్చుని ఉండేవాడు. మోకాళ్ళ నొప్పికి నిద్ర పట్టేది కాదట. అల్లం చెక్కు తీసిపెడుతూ నాకు ఆ ఆట గురించి చెప్పేవాడు.

“కబడ్డీ తెల్సు కదా. ఆ కబడ్డీలో ఓ గుమ్మిడికాయ సంకనెట్టుకుని పరిగెత్తినట్టనుకో. మనకేసి పదమూడు, ఆళ్ళకేసి పదమూడు. గుమ్మిడికాయున్నోణ్ణి పడేస్తారు. లేచి మళ్ళీ పరిగెడతాం. అలా ఆరుసార్లు పడేసేక కాయ ఆళ్ళకిచ్చీయాలి.”

“ఎలాగూ ఇచ్చేయాల్సిందే కదన్నయ్యా. మొదటే ఇచ్చేస్తే ఆ దెబ్బలుండవుగా.”

ఆయన అల్లం కింద పెట్టి నావైపు చాలాసేపు చూశాడు. “కోచ్‌తో ఈ మాటనకమ్మా” అన్నాడు.

ఇంకో ఉదయం అసలు సంగతి చెప్పాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన దేశం జట్టులో ఉన్నాడు. ఒకసారి వీసాలు రాలేదు, ఒకసారి పిలిచినవాళ్ళే వద్దన్నారు, ఒకసారి విమానాశ్రయం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. దేశం తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు. “మాయమ్మ మా వీదంతా సెప్పేసింది, నా కొడుకు ఇండియాకి ఆడతాడని. ఎక్కడాడేవురా అంటే సెప్పడానికి ఒక్క ఊరు లేదు. అడిగినప్పుడల్లా మాట తప్పించేస్తన్నాను. డాట్టరేమో ఈ మోకాళ్ళతో ఇంక సాలన్నాడు. ఇదే ఆకరు. ఒక్క ఆట, ఆకరి విజిల్ దాకా. మద్దెలో ఆగిపోతే లెక్కలోకి రాదు సెల్లెమ్మా.” ఆ మాట అంటున్నప్పుడు పైనుంచి ఒక విమానం వెళ్ళింది, కప్పులన్నీ అలమరలో గలగలలాడాయి. నేను వెంటనే దేవుడికి చెప్పుకున్నాను. నాకు బాగా తెలిసిన పని అదొక్కటే.

దేవుడు విన్నాడో లేక విని నవ్వుకున్నాడో గానీ, మొదటి ఆట పోర్ట్‌లీష్‌లో. బస్సు వేసుకుని వెళ్ళారు. రాత్రంతా కురిసిన వానకు మైదానం నిండిపోయి, వీళ్ళు వెళ్ళేసరికి అందులో బాతులు ఆడుకుంటున్నాయి. ఆట రద్దు. రెండోది షానన్ వైపు. అక్కడ మైదానం పొడిగానే ఉంది, ఎదుటి జట్టే లేదు. వాళ్ళలో ఒకడికి అదే రోజు పెళ్ళి, మిగిలినవాళ్ళందరూ పెళ్ళికొడుకు స్నేహితులు. వీళ్ళను కూడా భోజనానికి రమ్మన్నారట. వెళ్ళారు. ఆ పెళ్ళిలో డాన్సు చేస్తూ ఒకడు మడమ బెణికించుకున్నాడు, ఇంకొకడికి వానలో తడిసి జ్వరం, మూడోవాడు మా గెస్ట్‌హౌస్ మెట్లమీద జారి నడుం పట్టేసుకున్నాడు. ఇక మిగిలింది స్వోర్డ్స్‌లో ఆదివారం నాటి ఆట ఒక్కటే. మిగిలిన ఆటగాళ్ళు సరిగ్గా పదమూడుగురు. ఒక్కడు తగ్గినా ఆ చోటు ఖాళీయే.

ఆదివారం ఉదయం మైదానం గేటు దగ్గరికి పిన్ని నాయకత్వంలో ఆడవాళ్ళందరూ పట్టుచీరల మీద రెయిన్‌కోట్లు తొడుక్కుని వచ్చారు. హారతి పళ్ళెం, అక్షింతలు, ఎర్రనీళ్ళు, పులిహోర. పెవిలియన్ అడిగిన ఆంటీ చుట్టూ చూసి, “బ్యాట్లేవే?” అని నా చెవిలో అడిగింది. ఇది వేరే ఆటని చెప్పాను. “పోన్లే, మన పిల్లలేగా” అని సర్దుకుంది. అంతలో ఆటగాళ్ళు బస్సు దిగి వరసగా వస్తున్నారు.

పిన్ని దారికి అడ్డంగా నిలబడింది. “దేశం కోసం వెళ్తున్న పిల్లల్ని ఒట్టి నుదుళ్ళతో పంపుతామా? ఇలా వంగు నాన్నా.”

కుంకుమ అందరికీ నిలవాలని, వానకు చెదరకూడదని పిన్ని ఒక గిన్నెడు కుంకుమను నీళ్ళతో ముద్దలా కలిపి తెచ్చింది. పళ్ళెం పట్టుకున్నది నేను. పెట్టింది బొట్టు కూడా కాదు. కనుబొమల మధ్యనుంచి జుట్టుదాకా బొటనవేలితో పైకి లాగిన నిలువు తిలకం. ఒక్కొక్కరికీ అప్పడాల కర్ర మందాన ఉంది. పంజాబు కుర్రాడు, బెంగాలు కుర్రాడు, ఒడిశా అన్నదమ్ములు, అందరూ బుద్ధిగా వంగారు. గాలిపటం మోకాళ్ళమీదే కూర్చున్నాడు. కెప్టెన్ అన్నయ్య కళ్ళు మూసుకుని వంగి, లేచి పిన్ని కాళ్ళకు దండం పెట్టాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఎదుటి జట్టువాళ్ళు దూరంనుంచి చూసి కొంచెం భయపడ్డారని తర్వాత చెప్పారు. ఇంత మంచి క్షణం చూపించినందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నాను, సరిగ్గా అప్పుడే చినుకు మొదలైంది.

ఆట మొదలైన కాసేపటికే విజిల్ పడింది. రిఫరీ ఒక పొడవాటి పెద్దమనిషి, నిబంధనలంటే ప్రాణం. నడకలోనే బెత్తం కనిపించేది కాబట్టి ఆయన్ను మేము విజిల్ మాస్టారు అనుకున్నాం. మాస్టారు పంజాబు కుర్రాడి మొహంకేసి చూపించి, “నెత్తురు. బయటికి” అన్నారు. నెత్తురు కారేవాడు మైదానంలో ఉండకూడదట. బయటికొచ్చి, అది ఆగి, కట్టు కట్టించుకుని మళ్ళీ వెళ్ళాలట. నేను చూద్దును కదా, వానకు తిలకం కరిగి, ముక్కు పక్కనుంచి గడ్డందాకా రెండు ఎర్రటి ధారలు. అతని వెనక ఇంకొకడు. వాడి వెనక ఒడిశా అన్నదమ్ములు. మాస్టారు మొహం పాలిపోయింది. ఇంకా ఎవరూ ఎవరినీ గట్టిగా ముట్టుకోనే లేదు.

కెప్టెన్ అన్నయ్య పరిగెత్తుకెళ్ళాడు. “సార్, ఇది బ్లడ్డు కాదు. కుంకం. మా పెద్దోళ్ళు దీవించి పెట్టేరు.”

“కావచ్చు. కానీ ఎర్రగా ఉంది, తలలోంచి కారుతోంది. అది నెత్తురు కాదని తేల్చడానికి నేను నాకి చూడలేను. వెళ్ళి తుడిపించుకు రండి.”

తుడిచే బాధ్యత ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో వచ్చిన ఒక ఐరిష్ అమ్మాయిది. పాపం, ఆమె తడి దూదితో తుడిచింది. మంచి కుంకుమను తడితో తుడిస్తే ఏమవుతుందో చీర మీద ఒలకబోసుకున్న ఏ ఇల్లాలికైనా తెలుసు. ఒక గీతలా ఉన్నది మొహమంతా పరుచుకుంది. ముందు గాయపడినట్టున్నవాళ్ళు ఇప్పుడు చర్మం ఒలిచినట్టున్నారు. ఈలోగా లోపల మిగిలినవాళ్ళను ఎదుటివాళ్ళు పట్టుకుని పడేయడంతో ఆ ఎరుపు వాళ్ళ తెల్లచొక్కాలకూ, చెంపలకూ అంటుకుంది. మాస్టారు వాళ్ళనూ బయటికి పంపడం మొదలుపెట్టారు. మైదానంలో మనుషులు పలచబడిపోతున్నారు. గట్టుమీద క్యూ పెరుగుతోంది. ఒక ఐరిష్ కుర్రాడు తన చేతికేసి చూసుకుని, ఎక్కడా దెబ్బ కనబడక, కూర్చుండిపోయాడు.

మాస్టారు కెప్టెన్ అన్నయ్య దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పారు. “మీవాళ్ళు సగానికన్నా తగ్గితే ఆట ఆపేయక తప్పదు. ఇంకొక్కడు బయటికెళ్తే ఆ పరిస్థితే.”

అన్నయ్య తన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంకేసి చూశాడు. తొమ్మిదేళ్ళ సంగతి పిన్నికి నేనప్పుడే చెప్పాను. ఆవిడ మొహం చూడలేకపోయాను. “నా చేతుల్తో నేనే ఆపేశానా అబ్బాయి ఆటని?” అంది. కాసేపే. తర్వాత హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగింది. “కుంకం నీళ్ళకెక్కడ పోద్ది, నూనెకే పోతాదది. కొబ్బరినూనుంది. రా.”

కొబ్బరినూనె ఉంది గానీ, ఐర్లండ్ చలికి సీసాలో గడ్డకట్టుకుని రాయిలా ఉంది. బోర్లించినా రాలేదు, కొట్టినా రాలేదు. గ్రాండ్ గారు ప్రేక్షకుల కోసం టీ కాచే పెద్ద కెటిల్ దగ్గర నిలబడి ఉన్నారు. సీసా అందుకుని, మూత తీసి చూసి, ఏమీ అడక్కుండా కెటిల్లో పడేశారు. “గ్రాండ్” అన్నారు. (ఆ రోజు టీ తాగినవాళ్ళలో ఒకాయన బాగుందని మళ్ళీ అడిగాడు.) మాస్టారు ఆట కాసేపు ఆపారు, నూనె కరిగింది. ఆడవాళ్ళు వరసగా నిలబడి ఒక్కొక్క కుర్రాణ్ణీ కుర్చీలో కూలేసి మొహం తుడవడం మొదలుపెట్టారు. ఎరుపు చక్కగా ఊడొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆదివారంనాడు చేతిలో వెచ్చటి కొబ్బరినూనె, ఎదురుగా బుద్ధిగా కూర్చున్న పిల్లవాడు ఉన్నప్పుడు మన ఆడవాళ్ళు ఆగడమెలా సాధ్యం?

“ఆ మోచేతులు చూడు, బూడిద పూసుకున్నట్టున్నాయి. ఇటు తే.”

“తలలో చుక్క నూనె లేదు. ఎవరూ చెప్పేవాళ్ళు లేకపోతే ఇంతే.”

“ఆంటీ, ప్లీజ్, ఐ హావ్ టు గో” అంటున్నాడు బెంగాలు కుర్రాడు.

“వెళ్దువుగానిలే నాన్నా, ఆ రెండో చెయ్యి కూడా ఇచ్చి వెళ్ళు.”

అలా పన్నెండుమందికీ అభ్యంగనం జరిగింది. కెప్టెన్ అన్నయ్యకు మాత్రం సమయం చాలక, నేనే గబగబా నూనె అద్దిన పమిటచెంగుతో నుదురొక్కటి శుభ్రంగా తుడిచి పంపాను. పదమూడుగురూ లోపలికెళ్ళారు. ఆట మళ్ళీ మొదలైంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఒక ఐరిష్ కొండ మన పంజాబు కుర్రాణ్ణి రెండు చేతులా పట్టుకున్నాడు. చేతుల్లో ఏమీ లేదు. కుర్రాడు అవతల నిలబడి ఉన్నాడు. ఇంకొకడు ఒడిశా తమ్ముణ్ణి కౌగిలించుకోబోయి తన్ను తానే కౌగిలించుకున్నాడు. అంతలో బంతి గాలిపటం చేతికి వచ్చింది. అతను పరిగెత్తాడు. ముగ్గురు మీదపడ్డారు, ముగ్గురూ జారిపోయారు. అతను తడిసిన సబ్బుబిళ్ళలా వాళ్ళ మధ్యనుంచి బయటికొచ్చి, గీత దాటి, ఆపుకోలేక బంతితో సహా గడ్డిమీద జర్రున జారి కంచెదాకా వెళ్ళాడు. మన జట్టు విదేశంలో సాధించిన తొలి పాయింట్లు అవే. ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు. పెవిలియన్ ఆంటీ, “సిక్సా ఫోరా?” అంది. ఫోరేనని చెప్పాను. నిజంగానే నాలుగు పాయింట్లు కదా.

మాస్టారు గాలిపటాన్ని మెచ్చుకోడానికి భుజం తట్టబోయారు. చెయ్యి జారి విజిల్ కింద పడింది. తీసి నోట్లో పెట్టుకున్నారు, పెదాలమధ్యనుంచి జారింది. వాసన చూసుకుని, మెల్లిగా మా గట్టుకేసి తిరిగారు. ఒంటికి జిడ్డు రాసుకుని ఆడకూడదని కూడా ఒక నిబంధన ఉందని అప్పుడు తెలిసింది. వచ్చిన పాయింట్లు మాత్రం తీసేయలేదు. దీనిమీద ఏం రాయాలో తెలియక వదిలేశానని చివర్లో ఒప్పుకున్నారు. గ్రాండ్ గారు గిన్నెలు తోమే సబ్బు, బకెట్లు తెచ్చారు. మళ్ళీ అందర్నీ తోమారు. పైన వాన పడుతూనే ఉంది కాబట్టి ఆ తర్వాత చాలాసేపు మనవాళ్ళు ఎక్కడ పరిగెడితే అక్కడ బుడగలు లేచాయి.

సబ్బుతో పాటు అదృష్టం కూడా కడుక్కుపోయింది. ఎదుటివాళ్ళు గీత దాటుతూనే ఉన్నారు. మనవాళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు, ఆరోసారి బంతి ఇచ్చేస్తున్నారు. అది నాకిప్పుడు అర్థమైంది. ముందే ఇచ్చేయడం వేరు, ఆరుసార్లు లేచాక ఇవ్వడం వేరు. ఈలోగా పంజాబు కుర్రాడు భుజం పట్టేసి బయటికొచ్చాడు, ఇద్దరు కాళ్ళు కొంకర్లు పోయి వచ్చారు, బెంగాలు కుర్రాడు సబ్బు కళ్ళల్లో పడి వచ్చాడు, ఇంకా ఇద్దరు ఒగర్చుకుంటూ గట్టెక్కారు. మళ్ళీ ఆ అంచుకే వచ్చాం. ఇంకొక్కడు పోతే ఆట ఆగిపోతుంది. ఆట ముగియడానికి ఇంకొంచెమే ఉంది. అప్పుడు కెప్టెన్ అన్నయ్య మీద నలుగురు పడ్డారు. లేచేసరికి ఎడమ కనుబొమ పైనుంచి ఎర్రటి ధార.

మాస్టారు చూశారు. విజిల్ నోటిదాకా తీసుకెళ్ళి ఆగారు. అన్నిసార్లు మోసపోయిన మనిషి. “పౌడరేనా?” అన్నారు అలసటగా.

అన్నయ్య అవునని అనొచ్చు. ఎవరూ కాదనరు. అందరూ కుంకుమనే అనుకుంటున్నారు. ఆ నుదురు నేనే తుడిచానని, అక్కడ కుంకుమ రేణువు కూడా లేదని తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన మాస్టారుకేసి చూసి, నాకేసి చూసి, “సెప్పలేను సార్, మా సెల్లెల్నడగండి” అని గట్టుకేసి నడిచి వచ్చాడు. మాస్టారు వెనకే వచ్చారు. నిజం చెప్పనా, నాకు జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. అమ్మ నాకు ఇంట్లో నేర్పిన అన్ని పాఠాల్లోనూ అబద్ధం ఎలా చెప్పాలన్నది లేదు. ఫస్ట్ ఎయిడ్ అమ్మాయి పంజాబు కుర్రాడి భుజంతో తంటాలు పడుతోంది. నా చేతిలో ఉన్నది హారతి పళ్ళెం ఒక్కటే. అందులో పసుపు ఉంది.

ఇంట్లో కూరగాయలు తరుగుతూ వేలు తెగితే ఏం చేస్తామో అదే చేశాను. పిడికెడు పసుపు తీసి కనుబొమ మీద అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టాను. అన్నయ్య పళ్ళు బిగించాడు. “ఓలమ్మ, మంటెట్టేస్తంది” అన్నాడు. “నామం చెప్పుకో అన్నయ్యా” అన్నాను. చెప్పుకున్నాడో తిట్టుకున్నాడో తెలియదు, పెదాలు మాత్రం కదిలాయి. పిన్ని తన రుమాలు చింపి చుట్టూ కట్టి ముడేసింది. వేసి, పాపం చేతి అలవాటు, ముడి మీద వేలితో కుంకుమ కూడా పెట్టేసింది.

మాస్టారు వంగి చూశారు. “ఇప్పుడు చెప్పు. నెత్తురా, పౌడరా?”

“రెండూ ఉన్నాయండీ. లోపల నెత్తురు, పైన పసుపు, ఆ పైన గుడ్డ, దానిమీద కుంకుమ.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. “నెత్తురు కారుతోందా?”

“ఆగిందండీ.”

“గాయం కప్పి ఉందా?”

“నాలుగు పొరలండీ” అంది పిన్ని తెలుగులోనే, నాలుగు వేళ్ళు చూపించి.

మాస్టారు గ్రాండ్ గారికేసి చూశారు, ఆకాశంకేసి చూశారు. “ఆగితే, కప్పితే, ఆడొచ్చు. రూలు అంతే చెబుతోంది” అని విజిల్ ఊదారు. అన్నయ్య కుంటుకుంటూ లోపలికి పరిగెత్తాడు. ఇంకా ఎన్నిసార్లు పడ్డాడో నేను చూడలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. చివరి విజిల్ నిడివిగా వినిపించాకే తెరిచాను.

స్కోరు అడక్కండి. ఎదుటివాళ్ళది మూడంకెలు చేరకపోవడం దైవకృప. కానీ మన కెప్టెన్ బురదలో వెల్లకిలా పడుకుని, వాన నోట్లో పడుతుంటే నవ్వుతున్నాడు. ఎదుటి జట్టువాళ్ళు వచ్చి ఒక్కొక్కరే చెయ్యిచ్చి లేపబోతే, “ఉండండి, ఇక్కడే ఉండనివ్వండి కాసేపు” అన్నాడు, అదీ తెలుగులోనే. తర్వాత గట్టుమీద కూర్చుని వాళ్ళమ్మకు వీడియో కాల్ చేశాడు. అవతల ఆవిడ వంటింట్లో ఉన్నట్టుంది.

“అమా, ఆడేసేనే. ఐర్లండు. స్వోర్డ్సనే ఊరు. ఆకరి దాకా ఆడేను.”

ఆవిడ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసింది. “ఏట్రా ఆ మొకానికి పసుపు, ఆ బొట్టు? నాకు సెప్పకండా పెళ్ళి గాని సేసీసుకున్నావేటి?”

అన్నయ్య నవ్వలేక కనుబొమ పట్టుకున్నాడు. పిన్ని వెనకనుంచి ఫోన్‌లోకి వంగి, “లేదు వదినగారూ, మేమంతా ఉన్నాం, అలాంటిదేమైనా ఉంటే మీకు చెప్పకుండా చేయం” అని హామీ ఇచ్చింది.

ఆ తర్వాత అన్నీ మామూలుగా జరిగిపోయాయి. జట్టు వెళ్ళిపోయింది. గెస్ట్‌హౌస్ తువ్వాళ్ళు రెండు నెలలపాటు గులాబీరంగులోనే ఉన్నాయి, గ్రాండ్ గారు వాటిని అతిథులకు అలాగే ఇచ్చారు. నేనిప్పుడు వేరేచోట పని చేస్తున్నాను, సాసేజీలు కళ్ళు తెరిచే వేయించగలను. ఆదివారాల్లో వీలైతే ఆ మైదానం కంచె దగ్గర కాసేపు నిలబడతాను. ఆట ఇప్పుడు కొంత అర్థమవుతుంది. ఎవరైనా కిందపడి లేవడానికి ఆలస్యమైతే మాత్రం ఆ పాత పిల్ల లోపలనుంచి లేచి పెదాలు కదుపుతుంది. ఆమెను చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఆట నియమం ఒక్కటీ తెలియకుండా అంత ధైర్యంగా పళ్ళెం పట్టుకుని నిలబడ్డం ఇప్పుడు నా వల్ల కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ నెలాఖరున విశాఖపట్నంలో ఆయన కుడి మోకాలికి ఆపరేషన్. “భయమేటీ నేదు గాని సెల్లెమ్మా, నువ్వోసారి సెప్పుకో” అన్నాడు. నేను చెప్పుకుంటూనే ఉన్నాను. నా ఒక్కదాని గొంతు చాలదేమోనని మిమ్మల్నీ అడుగుతున్నాను. మీ పూజలో, మీ నమాజులో, మీ ప్రార్థనలో, ఏదీ లేకపోతే బస్సు కోసం నిలబడినప్పుడు, ఆయన్ను ఒక్కసారి తలచుకోండి. పేరు అక్కర్లేదు. చివరి విజిల్ దాకా ఆడిన కెప్టెన్ అంటే చాలు, ఎవరో ఆ పైవాడికి తెలుసు.